సర్కారు వ్యాను, సమాధుల గుట్ట

కేనీ లోయలో డెల్ఫియా కోంబ్స్ అంటే జనానికి గౌరవమూ ఉంది, విసుగూ ఉంది. వృద్ధుల సేవా సంఘానికి ఇరవై ఏళ్ళుగా ఆమే డైరెక్టరు. సంఘం నడిచేది చాలావరకు వాషింగ్టన్ నుంచి వచ్చే గ్రాంటు మీద. ఆ డబ్బుని మడి కట్టుకుని ముట్టుకోవాలన్నట్టుండేది ఆమె వరస. ఆఫీసు స్టాంపు ఒకటి సొంత ఉత్తరానికి అంటించుకున్న పాపానికి ఒక గుమాస్తా పిల్లని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. భోజనాల హాల్లో మిగిలిపోయిన మొక్కజొన్న రొట్టె ఎవరైనా సంచీలో వేసుకుంటే, "అది సర్కారు రొట్టెమ్మా, అక్కడ పెట్టెయ్" అనేది. జనం చాటుగా నవ్వుకునేవాళ్ళు. డెల్ఫియా స్వర్గానికి వెళ్తే లోపలికి అడుగు పెట్టకముందే దేవుణ్ణి రసీదు అడుగుతుందని హోబర్ట్ స్లోన్ అనేవాడు. అతను చాటుగా కాదు, ఆమె మొహం మీదే అనేవాడు.

హోబర్ట్‌కి ఆ చనువు ఉంది మరి. ఆమె పిన్ని కొడుకు. ఒకే వాగులో ఈది, ఒకే చెట్టు ఆపిల్ పళ్ళు దొంగిలించి తిన్నవాళ్ళు. ఊరంతా "మిస్ డెల్ఫియా" అంటే అతనొక్కడే "డెల్ఫీ" అనేవాడు. బొగ్గు గని మూతపడ్డాక ఉద్యోగం లేక తిరుగుతుంటే ఆమే సంఘంలో డ్రైవరుగా వేసుకుంది, అదీ సొంత మనిషిని పెట్టుకుందన్న మాట రాకుండా బోర్డు చేత మూడుసార్లు ఓటు వేయించి. కిడ్నీలు చెడిపోయినవాళ్ళని డయాలిసిస్‌కి పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం, తక్కిన రోజుల్లో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వేడి భోజనం చేర్చడం అతని పని. చక్రాల కుర్చీని మనిషితో సహా పైకెత్తే లిఫ్టు ఉన్న వ్యాను ఆ లోయ మొత్తానికి అదొక్కటే. గ్రాంటు డబ్బుతో కొన్నది. హోబర్ట్ దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు.

అసలు గొడవ మే నెలలో మొదలైంది. మే నెలాఖరు ఆదివారం ఆ కొండల్లో సమాధుల పండగ. ఏ వంశం వాళ్ళు ఆ వంశం గుట్ట ఎక్కి, పెద్దల సమాధుల మీద గడ్డి పీకి, పూలు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని భోజనాలు చేసి, పాటలు పాడుకుని దిగుతారు. డెల్ఫియా తల్లి ఓర్ఫాకి పుట్టిన మొదటి బిడ్డ, పాలు మానకముందే పోయిన మగపిల్లవాడు, పావురాల గుట్ట మీద ఉన్నాడు. మోకాళ్ళు పోయి కుర్చీకి అంటుకుపోయాక ఆవిడ ఆ గుట్ట ఎక్కింది లేదు. ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూచుని కాగితం పూలు చేసి మైనంలో ముంచి ఆరబెట్టింది. పూలు ఎవరైనా తీసుకెళ్ళి పెడతారులే అంటే ఒప్పుకోలేదు. తొంభై ఏళ్ళు దగ్గరపడ్డాయి, వచ్చే మే నెలకి నేను ఎక్కడుంటానో, ఈసారి నా చేత్తో పెట్టుకుంటాను అంది. కుర్చీతో సహా గుట్ట ఎక్కించాలంటే సంఘం వ్యానే దిక్కు, డెల్ఫియా దాన్నే తియ్యమంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ లోయలో ముసలివాళ్ళని ఆ ఒక్క రోజు గుట్ట ఎక్కించడమంటే దాహమన్నవాడికి నీళ్ళివ్వడంతో సమానం. ఎవరి బండి, ఎవరి పెట్రోలు అని అడిగేవాడే ఉండడు. అడిగినవాడు మనిషే కాదు. అందుకే డెల్ఫియాకి కూడా అది తప్పని తట్టలేదని అనుకుందామంటే వీల్లేదు. తట్టింది. జనవరిలో సిబ్బందినందరినీ కూచోబెట్టి, వ్యాను సంఘం పనికి తప్ప ఇంకెవరి సొంత పనికీ కదలకూడదని క్లాసు పీకింది ఆమే. "మా అమ్మే వచ్చి అడిగినా ఇవ్వను" అని కూడా అంది. ఆ మాట ఆమెకి గుర్తుంది. గుర్తున్నదాన్ని పక్కకి నెట్టేసింది, అంతే.

హోబర్ట్ వద్దన్నాడు. రూల్సు సంగతి కాదు అతను అన్నది, వానలకి దారి కోసుకుపోయింది, లిఫ్టు నేలకి తగులుతుంది అన్నాడు. పెద్దమ్మని నేను వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్తాను, నాకదేం బరువు కాదు అన్నాడు. అంతమంది చుట్టాల ముందు అమ్మని బంగాళదుంపల మూటలా మోసుకెళ్ళడం డెల్ఫియాకి నచ్చలేదు.

"బండి తియ్యి హోబర్ట్. ఏమైనా అయితే నాది పూచీ" అంది.

ఆ మాట అన్నప్పుడు చర్చి వాకిట్లో ఇంకో నలుగురు ముసలమ్మలు బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళూ వ్యాను ఎక్కేశారు. హోబర్ట్ నత్తనడకన ఎక్కించాడు. ఓర్ఫా బిడ్డ సమాధి మీద తన చేత్తో పూలు పెట్టుకుంది, రాయి మీద చెయ్యి వేసి చాలాసేపు ఉండిపోయింది. డెల్ఫియా జన్మలో తల్లి మొహం అంత తేటగా చూడలేదు. దిగేటప్పుడు మాత్రం హోబర్ట్ చెప్పినట్టే అయింది. వెనకవైపు బండకి కొట్టుకుని లిఫ్టు వంగిపోయింది. లాగుడు బండి వచ్చి వ్యానుని కిందికి దించింది. రిపేరు బిల్లు వచ్చినప్పుడు డెల్ఫియా దాన్ని తక్కిన రిపేర్లతో పాటే గ్రాంటు ఖాతాలో వేసేసింది. స్టాంపు దగ్గర పట్టుకున్న చెయ్యి అక్కడ ఆగలేదు.

అక్టోబరులో ఆడిటర్లు వచ్చారు. సర్కారు సొమ్ము ఒక హద్దు దాటి ఖర్చు పెట్టిన ఏ సంఘానికైనా ఏటా ఇది తప్పదు. లెక్సింగ్‌టన్ నుంచి కర్టిస్ ఎంబ్రీ అనే నడివయసు మనిషి, అతని వెంట ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి. ఎంబ్రీ గట్టిగా మాట్లాడడు. మధ్యాహ్నం హోటలుకి పోకుండా హాల్లో ముసలివాళ్ళ మధ్య కూచుని ఉడికించిన చిక్కుడుగింజలూ రొట్టే తిని, అతిథులు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నాడు. ఆ రసీదు అడగడంతో డెల్ఫియాకి అతనంటే తెగ గౌరవం కలిగింది. ఇదిగో, మన కోవ మనిషి అనుకుంది.

రెండో రోజు భోజనాలయ్యాక ఆ కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని అతను డెల్ఫియా గదిలోకి వచ్చి కూచున్నాడు. దారి అడిగినంత మామూలుగా అడిగాడు.

"వ్యాను లిఫ్టు రిపేరు ఒకటుందండీ. లాగుడు బండివాళ్ళు ఆదివారం నాడు పావురాల గుట్ట మీంచి దించినట్టు రాశారు. ఆదివారం పూట బండి అక్కడికెందుకెళ్ళింది?"

మా అమ్మని తీసుకెళ్ళాం. ఇంతే చెప్పాల్సింది. మూడు మాటలు. నోరు తెరిచింది కూడా. జనవరి క్లాసులో తను ఊపిన చూపుడు వేలు కళ్ళ ముందు కనిపించింది. ఆ స్టాంపు పిల్ల ఏడుపు మొహం కనిపించింది. రేపు ఆ పిల్ల నవ్వుతుంది, వంటింట్లో వాళ్ళు నవ్వుతారు, మొక్కజొన్న రొట్టె తిరిగి పెట్టించిన ప్రతి ముసలమ్మా నవ్వుతుంది. ఆ కొత్తమ్మాయి కలం పట్టుకుని ఎదురు చూస్తోంది.

"అది మా డ్రైవరు చేసిన పనండీ" అంది డెల్ఫియా. "నన్నడక్కుండా తీసుకెళ్ళాడు."

"అడక్కుండానా?"

"అడక్కుండానే. తర్వాత తెలిసి గట్టిగా మందలించాను."

మందలింపు సంగతి ఎవరూ అడగలేదు. అయినా చెప్పింది. మొదటి అబద్ధం కుంటిది కాబట్టి దానికో చేతికర్ర కావాల్సి వచ్చింది. ఎంబ్రీ ఆమె వంక కాసేపు చూసి, సరేనండీ, డ్రైవరుని కూడా ఒక మాట అడుగుతాను అని లేచాడు.

హోబర్ట్‌ని ముందే పట్టుకోవాలని ఆమె అనుకుంది. కానీ ఏమని చెబుతుంది? అలా అనుకుంటూ కుర్చీలోంచి లేవకుండానే వ్యాను వచ్చి ఆగింది. ఎల్జీ బౌలింగ్ అనే ముసలాయన్ని డయాలిసిస్ నుంచి తెచ్చి, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు హోబర్ట్. ఎంబ్రీ ఎదురెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఆమెకి వినిపించలేదు. హోబర్ట్ టోపీ తీశాడు. ఎల్జీని జాగ్రత్తగా బెంచీ మీద కూచోబెట్టాడు. తర్వాత తలెత్తి సరిగ్గా ఆమె కిటికీ వైపు చూశాడు. డెల్ఫియా పక్కకి తప్పుకోలేకపోయింది. ఆ చూపు ఎంతసేపో కాదు. అతను మళ్ళీ ఎంబ్రీ వైపు తిరిగి తల ఊపాడు. అవును, నేనే తీసుకెళ్ళాను, అడగలేదు అన్నాడట.

లోపలికి వచ్చి తన మీద అరుస్తాడని ఆమె ఎదురు చూసింది. అరిస్తే బాగుండును అని కూడా కోరుకుంది. అతను వచ్చి వ్యాను తాళాలు మేకుకి తగిలించి, వంటింట్లోవాళ్ళకి రోజూ చెప్పినట్టే వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె గది తలుపు తట్టలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఆమె లోపలే కూచుంది.

సంఘం బోర్డుకి పెద్ద పాస్టర్ వెస్లీ టాకెట్. మంచివాడే, కానీ వాషింగ్టన్ అన్న మాట వింటే చెమటలు పట్టే రకం. తప్పు బయటపడితే వెంటనే ఏదో ఒక చర్య తీసుకున్నట్టు కనపడాలి, లేకపోతే గ్రాంటు పోతుందన్నాడు. ఆడిట్ రిపోర్టు వచ్చేదాకా హోబర్ట్‌ని జీతం లేకుండా పక్కన పెట్టాలని తేల్చాడు. ఆ సంగతి హోబర్ట్‌కి చెప్పే పని డైరెక్టరుదే కదా, నువ్వే చెప్పు సిస్టర్ అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. పాస్టర్ ఎదురుగా ఉన్నాడు, గదిలో ఇంకెవరూ లేరు. ఆమె తల ఊపి బయటికి వచ్చింది. మర్నాడు హోబర్ట్‌ని పిలిచి చెప్పింది. కళ్ళు బల్ల మీదే పెట్టి చెప్పింది. ఇది కొన్నాళ్ళేనని, తర్వాత అంతా సర్దుకుంటుందని ఏదో గొణిగింది. అతను నిలబడే విన్నాడు.

"ఎల్జీకి డయాలిసిస్ అయ్యాక కళ్ళు తిరుగుతాయి మిస్ డెల్ఫియా. ముందు సీట్లో కూచోబెట్టమని కొత్తాయనకి చెప్పండి."

తలుపు మెల్లిగా వేసుకుని వెళ్ళాడు. తిట్టినా పోయేది, ఉమ్మేసినా తుడుచుకునేది. ఆ మర్యాద మాత్రం ఆమెకి చెప్పుదెబ్బలా తగిలింది.

సిబ్బంది విషయాలు బయట మాట్లాడకూడదని బోర్డు నియమం. చాలా మంచి నియమం. దానివల్ల అసలు సంగతి ఎవరికీ తెలియలేదు, అందుకని ఊరు తన సంగతి తానే అల్లుకుంది. బండి విషయంలో ఏదో చేశాడట. తాగి నడిపాడట. కాదు, సర్కారు పెట్రోలు పీల్చి అమ్ముకున్నాడట. ఒక శనివారం కూరగాయల కొట్లో డెల్ఫియా చెవినే పడింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకామె హోబర్ట్ చేతి భోజనం అందుకుంటూ వచ్చిన మనిషి కూతురే. "మంచివాడనుకున్నాం కదే" అంటోంది. "మెత్తగా మాట్లాడేవాళ్ళనే నమ్మకూడదు. వాళ్ళ అక్క అంత నికార్సయిన మనిషి, ఆవిడ పరువు కూడా తీశాడు చూడు." డెల్ఫియా క్యాబేజీల గుట్ట వెనక నిలబడి ఉంది. రెండడుగులు వేసి ఒక్క మాట అంటే చాలు. ఆమె క్యాబేజీ ఒకటి చేతిలోకి తీసుకుని కొట్టువాణ్ణి ఎంతని అడిగింది. ధర విని, కొని, ఇంటికి తెచ్చుకుంది. ఆ క్యాబేజీ వండలేదు. దాన్ని చూస్తేనే ఒళ్ళు కంపరమెత్తి పెరట్లో పారేసింది.

ఇంట్లో తల్లి ఉంది. హోబర్ట్ ఆదివారం సాయంత్రాలు వచ్చి పెద్దమ్మ దగ్గర కూచునేవాడు. రావడం మానేశాడు. వాడు రాడేమే అని ఓర్ఫా అడిగింది. పని ఎక్కువగా ఉందని డెల్ఫియా చెప్పింది. ఇది ఎన్నో అబద్ధమో, లెక్క తప్పిపోయింది. ఓర్ఫా ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కుడుతోంది. పాత చొక్కాల ముక్కలు అతికి కుట్టే దుప్పటి. వేళ్ళు వంకర్లు పోయి సూది పట్టుకోవడమే కష్టం, అయినా కుడుతోంది.

"ఇది వాడికే" అంది. బండి తియ్యమన్నది ఎవరో ఆవిడకి తెలియదు. "నా బిడ్డ దగ్గరికి నన్ను తీసుకెళ్ళినవాడు. నువ్వు కన్న కూతురివి, ఆ పని నువ్వు చెయ్యలా. వాడు చేశాడు. చలి ముదరక ముందే ఇచ్చెయ్యాలి. ఓసారి రమ్మనవే."

డెల్ఫియా అలాగే అంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడుపొస్తే మంచిదే, కానీ ఏడ్చినందుకు కూడా ఆమెకి సిగ్గేసింది. జీతం పోయింది అతనిది, పేరు పోయింది అతనిది, ఏడ్చేది మాత్రం ఈవిడగారు.

నెల తిరిగేసరికి ఎంబ్రీ మళ్ళీ వచ్చాడు. ఆడిట్ ముగిసేటప్పుడు డైరెక్టరు ఒక ఉత్తరం మీద సంతకం పెట్టాలి. మాకు తెలిసినదంతా మీకు చెప్పాం, దాచిందీ లేదు, తప్పు చెప్పిందీ లేదు అని. ఏటా ఉండేదే. పాలవాడి చీటీ మీద పెట్టినట్టు చదవకుండా పెట్టేది డెల్ఫియా. ఈసారి చదివింది. మొదటి నుంచి చివరిదాకా చదివి కలం తీసుకుంది. కలం కాగితానికి ఆనించింది. అక్కడ పేరులో మొదటి అక్షరం కూడా పడలేదు.

ఇన్నాళ్ళూ చెప్పింది గాలిలో పోయిన మాట. ఇది సంతకం. ఇది పడితే హోబర్ట్ దొంగ అన్నది ఇక రాత. ఆమె కలం పక్కన పెట్టేసింది.

"మిస్టర్ ఎంబ్రీ, బండి తియ్యమన్నది నేనేనండీ" అంది. తర్వాత మిగిలిందంతా ముక్కలు ముక్కలుగా, వెనకది ముందూ ముందుది వెనకా చేసి చెప్పింది. అమ్మ సంగతి, పూల సంగతి, హోబర్ట్ వద్దన్న సంగతి, తను పూచీ అన్న సంగతి. బిల్లు తెలిసే గ్రాంటులో వేశానని చెప్పింది. నన్నడక్కుండా అన్నది పచ్చి అబద్ధమని చెప్పింది. అయ్యాక మొహం చెల్లక కాగితం వంకే చూస్తూ కూచుంది.

ఎంబ్రీ ఆ కాగితాన్ని తనవైపు లాక్కున్నాడు.

"నాకు తెలుసండీ" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"మిమ్మల్ని అడిగిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ ముసలమ్మలు చెప్పారు. మీరు తల్లిని గుట్ట ఎక్కించారని, డ్రైవరు భయపడుతుంటే ఏమైనా అయితే నాది పూచీ అన్నారని. మిమ్మల్ని మెచ్చుకుంటూనే చెప్పారండీ. ఇలాంటి కూతురు ఉండాలన్నారు."

డెల్ఫియాకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆమె అబద్ధం చెబుతుంటే ఇతను నిజం పక్కన పెట్టుకుని విన్నాడన్నమాట. అడక్కుండానా అని రెండోసారి అడిగింది అందుకన్నమాట. మందలించానని చేతికర్ర తగిలించినప్పుడు కూడా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా కూచున్నాడు. మరి అప్పుడే ఎందుకు అనలేదండీ అని అడిగింది. అడిగే హక్కు తనకి లేదని తెలిసే అడిగింది.

"మీ అంతట మీరు చెబుతారేమోనని చూశాను. ఇరవై ఏళ్ళ లెక్కలు చూశానండీ మీవి, ఒక్క మచ్చ లేదు. ఆ రోజు చెప్పి ఉంటే రిపేరు డబ్బు తిరిగి కట్టేవారు, నేనొక పేరా రాసేవాణ్ణి, అంతటితో పోయేది. ఇప్పుడు డైరెక్టరు మాకు చెప్పింది నిజం కాదని రాయాలి. రాయక తప్పదు."

రాయండి అంది డెల్ఫియా. అతను రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపి, ఆమె పేరు పెట్టి మర్యాదగా సెలవు తీసుకున్నాడు. ఒక పేరాతో పోయేది. ఆ మాటే ఆమె చెవిలో తిరిగింది. ఒక పేరాకి భయపడి మనిషిని అమ్మేసుకున్నాను అనుకుంది.

అదే ఊపులో పాస్టర్ టాకెట్ ఇంటికి వెళ్ళి అక్కడా చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత కూచుండిపోయాడు, తర్వాత కాసేపు ప్రార్థన చేశాడు. హోబర్ట్‌ని వెంటనే పనిలోకి రమ్మనమన్నాడు, ఆగిన జీతం ఇప్పిస్తానన్నాడు. వచ్చే ఆదివారం చర్చిలో అతని పేరు మీద పడ్డ మచ్చ తానే లేచి తుడుస్తానన్నాడు. నీ సంగతి బోర్డు కూచుని చూస్తుంది సిస్టర్ అన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమె అడగలేదు.

హోబర్ట్ ఇల్లు వాగు అవతల. డెల్ఫియా వెళ్ళేసరికి అతను పెరట్లో చిలగడదుంపలు తవ్వుతున్నాడు. భార్య ఐవా వాకిట్లోకి వచ్చి చూసింది. ఆ కొండల్లో గడప దగ్గరికి శత్రువు వచ్చినా రా, కూచో అంటారు. ఐవా అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. డెల్ఫియా పెరటి గట్టు మీదే నిలబడి చెప్పింది. ఆడిటర్‌కి చెప్పేశానని, పాస్టర్‌కి చెప్పేశానని, ఆదివారం చర్చిలో అందరికీ చెబుతారని, జీతం వస్తుందని. తప్పు చేశాను హోబర్ట్, నన్ను క్షమించు అంది. అతను గడ్డపార ఆపలేదు. ఒక పాదు పూర్తిగా తవ్వి, దుంపలు ఏరి బుట్టలో వేసి, అప్పుడు నడుం ఎత్తాడు.

"పెద్దమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"నన్ను దొంగన్నారే ఊళ్ళో. పెట్రోలు దొంగన్నారు. ఐవా చర్చికి వెళ్ళడం మానేసింది."

తెలుసంది డెల్ఫియా. కొట్లో విన్నానని, విని నోరు మూసుకుని వచ్చానని అది కూడా చెప్పింది. ఇక దాచుకుని ఏం చేసుకోవాలి.

హోబర్ట్ గడ్డపార నేలలో గుచ్చి ఆమె వైపు తిరిగాడు.

"నా మీద వేసినందుకు కాదు డెల్ఫీ నా బాధ. ముందే వచ్చి, హోబర్ట్, ఇలా ఇరుక్కున్నాను, నా పరువు పోతుంది, కాస్త నీ మీద వేసుకోరా అని ఒక్క మాట అనుంటే, నవ్వుతూ వేసుకునేవాణ్ణి. నీ ఉప్పు తిన్నవాణ్ణి. ఆ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డావే, అప్పుడైనా బయటికి రాలేదు. నేను నిన్నడక్కుండా బండి తీసుకెళ్ళానన్నావు. నేనెప్పుడైనా అడక్కుండా నీ ఆఫీసులో చెంచా ముట్టుకున్నానా? అడక్కుండా తీసుకెళ్ళింది నువ్వు. నా పేరు తీసుకెళ్ళావు."

అతను తిడతాడని సిద్ధపడి వచ్చింది డెల్ఫియా. పొమ్మంటాడని కూడా సిద్ధపడింది. అతను అన్నదాంట్లో మాత్రం ఒక్క మాట కూడా తప్పు లేదు. గట్టు మీద చతికిలబడింది. మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"ఇప్పుడు దేనికొచ్చావు? ఏదో అడగడానికేగా?" అన్నాడు హోబర్ట్. "అడుగు మరి. ఇప్పుడైనా అడుగు."

సోమవారం నుంచి పనిలోకి వచ్చెయ్ అని చెప్పడానికి వచ్చింది ఆమె. అదే తను చెయ్యగలిగిన మేలు అనుకుంటూ దారంతా వచ్చింది. ఎల్జీ రోజూ నిన్నే తలుచుకుంటున్నాడని చెబితే కరుగుతాడని కూడా లెక్క వేసుకుంది. ఇప్పుడు ఆ మాటలన్నీ నోటికి రాకుండా పోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆమె చెప్పడమే గానీ అడిగింది లేదు.

"సోమవారం పనికి వస్తావా హోబర్ట్?" అంది.

అతను గడ్డపారకి అంటిన మట్టి చేత్తో తుడిచాడు. దాన్ని గోడకి ఆనించాడు. బుట్ట ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

"ఆలోచించుకుని చెబుతా" అన్నాడు.

ఇంటివైపు నడిచాడు. ఐవా తలుపు తీసి అతన్ని లోపలికి రానిచ్చి మళ్ళీ వేసింది. డెల్ఫియా గట్టు మీంచి లేచి బట్టలు దులుపుకుని కారు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో అమ్మ దుప్పటి చివరి అంచు కుడుతూ ఉంటుంది, హోబర్ట్‌ని రమ్మన్నావా అని అడుగుతుంది. ముందు ఆవిడకి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా ఆలోచించినా డెల్ఫియాకి తోచలేదు.